చుక్కల హోటల్లో మనకో కుర్చీ

సికింద్రాబాద్‌లో ముప్ఫై నలభై ఏళ్లుగా ఉంటున్న వాళ్లకి ఇరానీ హోటళ్లలోని 'ఫ్యామిలీ రూమ్' గుర్తుండే ఉంటుంది. ముందు హాలంతా పాలరాతి బల్లలు, వాటి చుట్టూ మగవాళ్లు. సాసర్లో పోసుకున్న చాయ్ చప్పరిస్తూ గంటలకొద్దీ కబుర్లు. ఆడవాళ్లు గడప తొక్కారంటే మాత్రం కుర్రాడు గబగబా వెనక్కి దారి చూపించేవాడు. అక్కడ చెక్కలతో అడ్డం కట్టిన చిన్న చిన్న గదులు, వాటికి పరదాలు. పరదా పడ్డాక మన సమోసాలు మనం తినాలి, మన మాటలు మనం గుసగుసగా చెప్పుకోవాలి. హోటల్లో కూర్చుని తినడం ఆడవాళ్లకి అంతగా నప్పని పని అని ఆ పరదా చెప్పకనే చెప్పేది.

ఇప్పుడు రోజులు మారాయి. ఆదివారం సాయంత్రం ప్యారడైజ్ చౌరస్తా దగ్గర నిలబడి చూడండి. నలుగురు ఆడపిల్లలు మగతోడు లేకుండా వచ్చి, బల్ల నిండా తెప్పించుకుని, హాయిగా నవ్వుకుంటూ తిని వెళ్తుంటారు. ఎవరూ వింతగా చూడరు. సంతోషమే. కానీ 'ఫైన్ డైనింగ్' అన్న మాట వినపడగానే మనలో చాలామందికి ఆ పాత పరదా మళ్లీ అడ్డొస్తుంది. "అక్కడ మనకేం తెలుస్తుందమ్మా?", "ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో ఏమిటో", "ఒక్క పూట తిండికి అంత డబ్బా!" అనేసి వెనకడుగు వేస్తాం.

పైగా ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లలు సింగపూర్‌లోనో, లండన్‌లోనో, న్యూయార్క్‌లోనో ఉంటున్నారు. మనం వెళ్లినప్పుడు ముచ్చటపడి ఏదో పెద్ద హోటలుకి తీసుకెళ్తారు. "అమ్మా, ఇది మామూలు హోటల్ కాదు, మిషెలిన్ స్టార్ ఉంది" అంటారు. ఆ స్టారేమిటో, ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో తెలియక మనం తలూపుతాం. తెలుసుకుంటే పోయేదేముంది? వెళ్లినా వెళ్లకపోయినా, ఆ చుక్కల కథలో మన వంటింటికి సంబంధించిన సంగతులు చాలానే ఉన్నాయి.

టైర్ల కంపెనీకి తిండితో పనేమిటి?

మిషెలిన్ అంటే మోటారు టైర్ల కంపెనీ. ఫ్రాన్సులో క్లెర్‌మాంట్ ఫెర్రాండ్ అనే ఊళ్లో ఆంద్రే, ఎడ్వర్డ్ అనే అన్నదమ్ములు 1889లో పెట్టారు. అప్పటికి ఆ దేశంలో కార్లే అరుదు. కార్లు తిరిగితేనే కదా టైర్లు అరిగేది, అరిగితేనే కదా కొత్తవి కొనేది! అందుకని జనాన్ని ఊళ్లు తిప్పే ఉపాయం ఆలోచించారు. పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, బండి చెడిపోతే ఎవరు బాగుచేస్తారు, రాత్రి ఎక్కడ పడుకోవచ్చు, ఎక్కడ తినొచ్చు అన్న వివరాలతో 1900లో ఓ చిన్న పుస్తకం అచ్చువేసి ఊరికే పంచారు.

ఇరవై ఏళ్లు ఊరికే ఇచ్చారు. ఓ గ్యారేజీలో ఎవరో ఆ పుస్తకాలని బల్ల కోటికింద ఎత్తుగా పెట్టుకోవడం చూసి ఆంద్రేగారికి మనసు చివుక్కుమందట. డబ్బు పెట్టి కొన్నదానికే మనిషి విలువిస్తాడు అనుకుని 1920 నుంచి వెల పెట్టారని చెబుతారు. ఊరికే వచ్చినదానికి విలువుండదన్న మాట ఇంట్లో వండేవాళ్లకి కొత్తగా చెప్పాలా!

1926లో మంచి భోజనం పెట్టే చోట్లకి ఒక చుక్క వెయ్యడం మొదలైంది. 1931లో ఒకటి, రెండు, మూడు చుక్కల పద్ధతి వచ్చింది. వాటి అర్థాలేమిటో 1936లో ప్రకటించారు. ఒక చుక్క అంటే వంట చాలా బాగుంటుంది, ఆ దారిన వెళ్తే ఆగి తినొచ్చు. రెండు చుక్కలంటే దారి మళ్లి వెళ్లినా నష్టం లేదు. మూడు చుక్కలంటే కేవలం అక్కడ తినడానికే ప్రయాణం కట్టొచ్చు. చూశారా, మూడూ ప్రయాణం లెక్కలే. టైర్ల వాళ్ల బుద్ధి ఎక్కడికి పోతుంది!

చుక్కలు వేసేదెవరు?

కంపెనీ తరఫున జీతం మీద పనిచేసే ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. వాళ్లు పేరు చెప్పుకోరు. మామూలు మనుషుల్లాగే వచ్చి, తిని, బిల్లు కట్టి వెళ్లిపోతారు. ఒకసారి తిని తేల్చరు, వేర్వేరు మనుషులు వేర్వేరు రోజుల్లో వెళ్తారు. వాళ్లు చూసేవి అయిదు సంగతులు. సరుకు నాణ్యం ఎలా ఉంది? వండే పనితనం ఎలా ఉంది? రుచులు ఒకదానితో ఒకటి కుదిరాయా? వండిన మనిషి తనదైన ముద్ర అందులో కనపడుతోందా? ఇవాళ ఎంత బాగుందో నెల తర్వాత వచ్చినా అంతే బాగుంటుందా?

ఇందులో షాండ్లియర్లూ, వెండి చెంచాలూ, తివాచీలూ ఎక్కడా లేవు, గమనించారా? చుక్క పళ్లెంలో ఉన్నదానికే. ఇక్కడ చాలామంది తికమక పడతారు. మన దేశంలో ఫైవ్ స్టార్ హోటల్ అంటాం కదా, ఆ స్టార్లు వేరు. అవి గదులూ, లిఫ్టులూ, ఈత కొలనులూ వంటి సదుపాయాలు చూసి కేంద్ర పర్యాటక శాఖ తరఫున ఇచ్చేవి. మిషెలిన్ చుక్క ఒట్టి వంటకి. 

నమ్మకం కలగకపోతే రెండు ఉదాహరణలు చెబుతాను. సింగపూర్‌లో చాన్ హోన్ మెంగ్ అనే ఆయన వీధి తిండ్ల సముదాయంలో చిన్న కొట్టు పెట్టుకుని సోయా సాస్‌లో ఉడికించిన కోడి, అన్నం అమ్మేవాడు. 2016లో ఆ కొట్టుకి ఒక చుక్క వచ్చింది. బ్యాంకాక్‌లో జే ఫాయ్ అనే పెద్దావిడ రోడ్డు పక్కన బొగ్గుల కుంపటి ముందు నిలబడి, నూనె చిట్లకుండా కళ్లకి పెద్ద అద్దాలు తగిలించుకుని, పీత మాంసం పెట్టిన ఆమ్లెట్లు వేస్తారు. డెబ్భై దాటిన వయసులో, 2018 గైడులో ఆవిడకి చుక్క వచ్చింది.

ఇంకో మాట. చుక్క ఇచ్చేది హోటలుకే గానీ మనిషికి కాదు. అదీ ఏడాది లెక్క. చానుగారి కొట్టుకి వచ్చిన చుక్క 2021లో పోయింది కూడా. అందుకే ఆ వంటిళ్లలో 'నిన్న బాగా చేశాం కదా' అనే మాట చెల్లదు.

మరి మన ఊళ్లో ఎన్ని చుక్కలున్నాయి అంటారా? ఒక్కటీ లేదు. 2025 దాకా మిషెలిన్ గైడు మన దేశంలో అడుగే పెట్టలేదు. కాబట్టి హైదరాబాద్‌లోనే కాదు, ముంబయిలోనూ ఢిల్లీలోనూ కూడా చుక్కల హోటల్ లేదు. 'మిషెలిన్ స్టార్ చెఫ్ విందు' అని పెద్ద హోటళ్లలో ప్రకటనలు చూస్తుంటాం. పరాయిదేశంలో చుక్క ఉన్న హోటల్లో వండినాయన రెండ్రోజులు ఇక్కడికొచ్చి వండుతున్నాడని దానర్థం.

ఫోర్కు మనకి కొత్తేం కాదు

చుక్కలు లేకపోతేనేం, బల్ల మర్యాదలు సికింద్రాబాద్‌కి పాతవే. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరిట వెలసిన ఊరు ఇది. బ్రిటిష్ దండు దిగిన చోటు. సూపుతో మొదలుపెట్టి పుడ్డింగుతో ముగించే భోజనం, మడత పెట్టిన నాప్కిన్లు, వరసగా పేర్చిన చాకులూ ఫోర్కులూ ముందు సైనికుల మెస్సుల్లోకీ, 1878లో పుట్టిన సికింద్రాబాద్ క్లబ్బు లాంటి చోట్లకీ వచ్చాయి. ఆ బల్లల దగ్గర వడ్డించిన వాళ్లూ, లోపల వండిన వాళ్లూ చాలావరకు మనవాళ్లే. కూర్చుని తినే వంతు మాత్రం మనకి ఆలస్యంగా వచ్చింది.

మామూలు జనానికి ఆ లోటు తీర్చినవి ఇరానీ హోటళ్లు. ప్యారడైజ్ కూడా 1953లో అదే పేరున్న సినిమా హాలుని అంటిపెట్టుకుని చాయ్, సమోసాల చిన్న క్యాంటీనుగానే మొదలైంది. సినిమా హాలు పోయింది, హోటలు మిగిలింది, చౌరస్తాకే ఆ పేరు స్థిరపడిపోయింది.

ఇక రాజుల బల్ల చూడాలంటే ఊరు దాటి ఫలక్‌నుమా దాకా వెళ్లాలి. పైగా వంశస్తుడైన సర్ వికార్ ఉల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ఆ ప్యాలెస్‌ని తాజ్ గ్రూపు బాగుచేయించి 2010 నవంబరులో హోటలుగా తెరిచింది. అక్కడి భోజనాల గదిలో ఒకేసారి 101 మంది కూర్చునే బల్ల ఉంది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకి వచ్చిన అతిథులకి విందు ఇచ్చింది అక్కడే. ఆ తర్వాత రెండేళ్లకి, 2019లో, యునెస్కో హైదరాబాద్‌ని పాకశాస్త్రంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి ఊరు మనదే. మిషెలిన్ వాళ్లు రాకపోయినా ప్రపంచం మన పళ్లెంలోకి తొంగిచూసిందన్నమాట.

ఏడు వడ్డనలు, మూడు గంటలు

నేను చుక్కల హోటల్లో తిన్నది ఒక్కసారే, సింగపూర్‌లో. అక్క కూతురు అక్కడ ఉద్యోగం చేస్తుంది. మారేడ్‌పల్లి నుంచి ఇద్దరం వెళితే "అమ్మా, పిన్నీ, ఈ ఒక్క పూటా నా మాట వినండి" అని బలవంతాన తీసుకెళ్లింది. అక్క శాకాహారి. ఆ సంగతి బల్ల బుక్ చేసినప్పుడే చెప్పేసింది అమ్మాయి. 

అలాంటి చోట మెనూ కార్డు చూసి "అదొకటి, ఇదొకటి" అని చెప్పే పని తక్కువ. 'టేస్టింగ్ మెనూ' అంటారు. వాళ్లే ఒక వరస పెట్టుకుంటారు, చిన్నచిన్న వడ్డనలుగా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మాకు ఏడొచ్చాయి. మొదటిది బొటనవేలంత బీట్‌రూట్ ముక్క, పళ్లెం మాత్రం మన హారతి పళ్లెమంత. అక్క నా చెవిలో "ఏమిటే ఇది, నైవేద్యం పెట్టినట్టు పెట్టాడు!" అంది. రెండోది గాజు గిన్నెలో నీళ్లలా ఉంది. నోట్లో పోసుకుంటే పండు టమాటా రుచి. టమాటాలు చితక్కొట్టి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా చుక్కచుక్కగా దిగనిచ్చిన తేట అది. "మన చారు తేట కాదుటే" అంది అక్క. నిజం చెప్పొద్దూ, చారు తేటే! కాకపోతే ఒక్క చెంచాడు తేట కోసం ఒక మనిషి ముందు రోజునుంచీ కాపలా కాశాడు.

ఆ రుచులు ఎక్కువో మన రుచులు ఎక్కువో నేను తూకం వెయ్యను. కొన్ని అద్భుతంగా ఉన్నాయి. పుట్టగొడుగులు వేసి జావలా ఉడికించిన అన్నం ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఒకటి రెండు మాకు ఎక్కలేదు. ఉప్పూకారం తినే నాలుకలు కదా మరి. కానీ తిండి కంటే నేను ఎక్కువ చూసింది అక్కని.

ఆవిడకి అరవై రెండేళ్లు. పెళ్లయిన దగ్గర్నుంచి ఉమ్మడి కుటుంబం. ఆ మూడు గంటల్లో ఒక్కసారి కూడా లేవలేదు. ప్రతి వడ్డనా తన ముందుకి వేడివేడిగా వచ్చింది. వడ్డించే అబ్బాయి ప్రతిసారీ వంగి, ఇందులో ఇది వేశాం, ఇలా చేశాం అని చెప్పాడు. కారం సరిపోయిందా అని అడిగాడు. నాలుగో వడ్డన దగ్గర అక్క చెంచా కింద పెట్టి, "పూర్తిగా వేడిగా ఉన్నది నేను తిని ఎన్నాళ్లయిందో తెలుసా? నేను కూర్చునేసరికి అన్నీ చల్లారిపోతాయి" అంది. ఫిర్యాదుగా అనలేదు. ఏదో గుర్తొచ్చినట్టు అంది. అమ్మాయి మొహం మాత్రం చిన్నబోయింది.

బిల్లు సంగతి కూడా చెప్పాలి కదా. తలకి మన డబ్బులో పదిహేను వేలు దాటింది. అక్కకి తెలియకుండా అమ్మాయి కార్డు గీసేసింది. అంతెందుకవుతుందో తర్వాత లెక్కలు అడిగాను. మేం తిన్న హాల్లో ముప్ఫై మందికి మించి కుర్చీల్లేవు. అద్దం వెనక వంటింట్లో వండేవాళ్లే పన్నెండు మంది కనపడ్డారు. వడ్డించేవాళ్లు వేరే. మామూలు హోటల్లో ఒక కుర్చీలో పూటకి నలుగురైదుగురు తిని లేస్తారు. ఇక్కడ ఆ రాత్రికి ఆ కుర్చీ ఒక్కరిదే. సరుకులో బాగున్న భాగమే వాడతారు. అంటే మనం కట్టేది సగం తిండికి, సగం మనుషుల చేతి పనికి. చేతి పనికి వెల కడితే అంతవుతుంది!

చుక్కల్లో ఆడవాళ్లెందరు?

ఇంటింటా వండేది ఆడవాళ్లే, పెద్ద హోటళ్లలో పేరున్న వంటవాళ్లు మాత్రం ఎక్కువగా మగవాళ్లే. 'నలభీములు' అంటాం గానీ ఆ జంటలో ఆడపేరేది? అయినా చుక్కల చరిత్ర తిరగేస్తే మొదట్లోనే ఓ ఆడమనిషి నిలబడి ఉంది. పేరు యూజెనీ బ్రాజియే. 1895లో ఫ్రాన్సు పల్లెటూళ్లో పుట్టింది. పదేళ్లకే తల్లి పోయింది. పొలాల్లో, పశువుల దగ్గర పనిచేసింది. పెళ్లికాకుండా తల్లయిందని ఇంట్లోంచి గెంటేశారు. లియోన్ పట్నం చేరి ఇళ్లలో పనికి కుదిరి వంట నేర్చుకుంది. 1921లో సొంతంగా చిన్న హోటలు పెట్టింది. 1933లో ఆవిడ నడిపే రెండు హోటళ్లకీ మూడేసి చుక్కలు వచ్చాయి. ఒకే మనిషి చేతిలో ఆరు చుక్కలు! ఆ తర్వాత ఫ్రెంచి వంటకి పెద్ద దిక్కు అనిపించుకున్న పాల్ బొకూజ్ కుర్రతనంలో ఆవిడ దగ్గర పనిచేసినవాడే.

మన దేశం సంగతికొస్తే, మొదటి చుక్కలు 2001లో లండన్‌లో వినీత్ భాటియా, అతుల్ కొచ్చర్‌ల వంటకి వచ్చాయి. చుక్క అందుకున్న మొదటి భారతీయ మహిళ గరిమా అరోరా. ముంబయి అమ్మాయి. ముందు విలేఖరి. ఆ ఉద్యోగం వదిలి పారిస్‌లో వంట చదివింది. 2017లో బ్యాంకాక్‌లో 'గా' అనే రెస్టారెంట్ తెరిచింది. 2018 నవంబరులో ఒక చుక్క, 2023 డిసెంబరులో రెండోది. ఆవిడకి పేరు తెచ్చిన వంటకాల్లో ఒకటి ఏమిటో తెలుసా? లేత పనసకాయ! నిప్పుల మీద కాల్చి, రొట్టెలూ పచ్చళ్లూ పక్కన పెట్టి ఇస్తారు. గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో ఆవపెట్టిన పనసపొట్టు కూర తిన్నవాళ్లకి ఆ కాయ విలువ వేరే చెప్పాలా!

ఇంకొకరి సంగతి చెప్పాలి. న్యూయార్క్‌లో 'సెమ్మ' అని ఓ తమిళ రెస్టారెంట్ ఉంది. అక్కడ వండే విజయ్ కుమార్ తమిళనాడు పల్లెటూరి మనిషి. చిన్నప్పుడు వరి పొలాల్లో ఏరుకొచ్చిన నత్తలు ఇంట్లో వండుకునేవారు. ఆ నత్తల వేపుడునే మెనూలో పెట్టారు. కారప్పొడి చల్లిన దోసె కూడా ఉంది. 2022లో చుక్క వచ్చింది. 2025లో అమెరికాలో గొప్పగా చెప్పుకునే జేమ్స్ బియర్డ్ అవార్డు కూడా వచ్చింది. ఆ ఏడాదే దుబాయ్‌లో హిమాంశు సైనీ నడిపే 'ట్రెసిండ్ స్టూడియో'కి మూడు చుక్కలొచ్చాయి. భారతీయ వంటకి మూడు చుక్కలు రావడం ప్రపంచంలో అదే మొదలు.

నత్తల కూర సంగతి నన్ను కదిలించింది. మన ఊళ్లలోనూ నత్తలు తినేవాళ్లున్నారు. బడిలో ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడిన పిల్లలున్నారు. చుట్టాలొస్తే జొన్నరొట్టె దాచి పూరీ చేసే ఇళ్లున్నాయి. సర్వపిండి, గటక, చింతచిగురు, గోంగూర... ఇవి 'బీద తిండి' అని మనమే పక్కకి నెట్టాం. అదే తిండిని తలెత్తి బల్ల మీద పెట్టినవాడికి చుక్క దొరికింది.

మన అమ్మాయిల్లో ఎవరికైనా ఈ దారి మీద మనసుంటే, చుట్టుపక్కలే చదువులున్నాయి. విద్యానగర్ దగ్గర ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ ఉంది. ఇంటర్ తర్వాత జాతీయ స్థాయి ప్రవేశపరీక్ష రాసి చేరొచ్చు. బేగంపేటలో కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా 1996లో మొదలైంది. "వంట నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకే, ఇంట్లో నేర్పనా?" అని అడ్డుపడకండి. ఇంట్లో వంటకి జీతం ఉండదు, అక్కడ ఉంటుంది. అయితే రాత్రి పొద్దుపోయేదాకా నిలబడే ఉద్యోగం అది. పండగ రోజుల్లోనే పని ఎక్కువ. ఆ సంగతి ముందే మాట్లాడుకుని, రాకపోకల భద్రత గురించి అడిగి తెలుసుకుని పంపించండి.

వెళ్లేముందు...

ఎప్పుడైనా ఓ పెద్ద రెస్టారెంట్‌కి వెళ్లే అవకాశం వస్తే ఈ నాలుగు సంగతులు మనసులో పెట్టుకోండి.

శాకాహారమైతే, గుడ్డు తినకపోతే, ఉల్లి వెల్లుల్లి మానేసినా, ఏదైనా పడకపోయినా బల్ల బుక్ చేసేటప్పుడే చెప్పండి. అక్కడికెళ్లాక చెబితే వాళ్లకీ ఇబ్బంది, మనకీ పస్తు. సూపులో చేపల రసం, మిఠాయిలో జెలటిన్ ఉండొచ్చు. మొహమాటపడకుండా అడగండి. అడిగినదానికి విసుక్కోకుండా జవాబు చెప్పడం వాళ్ల పనిలో భాగం.

బల్ల మీద చాలా చెంచాలూ ఫోర్కులూ ఉంటే, బయటి వైపు నుంచి లోపలికి వాడుకుంటూ రావడం పద్ధతి. తినడం అయిపోతే చాకూ ఫోర్కూ పక్కపక్కన పళ్లెంలో పెడితే తీసేయొచ్చని సైగ. రొట్టె చేత్తోనే తుంచుకుంటారు. చేత్తో తినే వంటకమైతే చేత్తోనే తినండి. చీర కట్టుకుని వెళ్లొచ్చా అని అడుగుతారు కొందరు. నిక్షేపంగా వెళ్లొచ్చు. జరీ చీర కంటే మర్యాదైన బట్ట ఎక్కడుంది!

మందు తాగకపోతే వైన్ జాబితా వద్దని చెప్పెయ్యండి. అదే బిల్లుని తగ్గిస్తుంది. చాలా చోట్ల రాత్రి కంటే మధ్యాహ్నం భోజనం చవక. వడ్డనలూ తక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లకి అదే మేలు. 

మన దేశంలో బిల్లు వచ్చాక ఓసారి తీరిగ్గా చదవండి. విడిగా ఉన్న రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18 శాతం. అది కట్టాల్సిందే. 'సర్వీస్ చార్జి' మాత్రం తప్పనిసరి కాదు. బిల్లులో దాన్ని దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. కాబట్టి వద్దంటే తీసేయమని నెమ్మదిగా అడగొచ్చు. పనితనం నచ్చితే ఆ వడ్డించిన అబ్బాయి చేతిలో మీరే పెట్టండి.

ఇంటికి తెచ్చుకోవలసిన చుక్క

ఇదంతా చదివి "మా ఇంట్లో ఇల్లాలికి వంద చుక్కలివ్వొచ్చు" అనే మగమహారాజులుంటారు. వద్దు బాబూ! 'అన్నపూర్ణ' అని పిలిచి వంటింట్లోనే ఉంచేసే పొగడ్తలు మనకి బోలెడున్నాయి. 2019లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతంలేని ఆ పనికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు పెడుతున్నది 97 నిమిషాలు. ఆ రెండంకెల మధ్య తేడాకి చుక్కలు అతికించి కప్పెట్టలేం.

పెద్ద హోటళ్లనుంచి ఇంటికి తెచ్చుకోవలసినవి వేరే ఉన్నాయి. అక్కడ ఒకరు వండితే ఒకరు తరుగుతారు, ఒకరు గిన్నెలు కడుగుతారు. వడ్డించేవాళ్లు వేరే ఉంటారు. ఏ ఒక్కరి మీదా మొత్తం పడదు. ఇంటిల్లిపాదీ ఉన్న చోట అది ఎందుకు కుదరదు? రెండోది, ఏం తింటున్నామో తెలుసుకుని తినడం. టీవీ చూస్తూ పళ్లెం ఖాళీ చేసి లేచిపోకుండా, "ఇందులో ఏం వేశావ్?" అని ఒక్క మాట అడిగితే వండిన మనిషికి కడుపు నిండుతుంది. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పండి, కానీ తిన్నాక చెప్పండి, ఏం తక్కువైందో చెప్పండి. 

మూడోది అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే కష్టం. అందరూ ఒక్కసారి కూర్చోవడం. అన్నీ బల్ల మీద పెట్టేసి, కావలసింది ఎవరికి వాళ్లు వడ్డించుకోవడం. నెయ్యి గిన్నె కోసం ఎవరు లేవాలి అన్నది వంతులేసుకోవడం. సింగపూర్ నుంచి వచ్చాక అక్కావాళ్లింట్లో ఇది మొదలైంది. మొదలుపెట్టింది మా అక్క కాదు, బావగారు. కూతురు ఫోన్లో ఏం చెప్పిందో ఏమో గానీ, ఓ ఆదివారం అట్ల పెనం ముందు ఆయన నిలబడి, "నువ్వెళ్లి కూర్చో" అన్నారట. మొదటి రెండట్లూ మాడిపోయాయట. మూడోది అక్క వేడిగా తింది. చుక్క ఇవ్వదగ్గ అట్టు కాదని చెబుతుంది గానీ, ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు వినాలి.

డబ్బులు కూడితే ఏడాదికో రెండేళ్లకో ఓసారి మంచి హోటల్లో, మధ్యలో బల్ల దగ్గర, మీకోసం మీరు కూర్చుని తినండి. కూడకపోతే మానెయ్యండి. కానీ ఇంట్లో మీ కంచంలో అన్నం చల్లారిపోకముందే కూర్చోండి. దానికి ఏ గైడూ, ఏ బుకింగూ అక్కర్లేదు.